సైకిల్ రిపేరుకు ఇరవై నాలుగు రోజులు

ముందే చెప్పేస్తాను, పనికి ఐదుకి ఐదు. టైము దగ్గరికొచ్చేసరికే నాకు ఎటూ తేలడం లేదు. అక్టోబరులో అడిగి ఉంటే ఒకటి ఇచ్చేదాన్ని, అదీ సున్నా ఇవ్వడానికి వీల్లేక. జర్మనీలో, సాక్సనీ రాష్ట్రంలో, కెమ్నిట్స్ ఊళ్లో ఉన్న ఒక చిన్న సైకిల్ రిపేరు షాపు గురించి రాస్తున్నాను. షాపు పేరు మాత్రం రాయను. ఒక్కసారిగా జనం వచ్చి పడితే దాన్ని నడిపే పెద్దాయన తట్టుకోలేడు, పైగా నాకు కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి, అవి ఆయన ముఖం మీద చెప్పేంత జర్మన్ నాకింకా రాలేదు. కావాల్సినవాళ్లు ఊళ్లో మన తెలుగు పిల్లల్ని ఎవర్నడిగినా చూపిస్తారు, ఇక్కడి టెక్నికల్ యూనివర్సిటీ పుణ్యమా అని మనవాళ్లకు కొదవ లేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ గొడవంతా ఎందుకో అర్థం కాదు. హైదరాబాదులో మేముండేది నల్లగండ్ల, ఆఫీసు గచ్చిబౌలి. కొత్తిమీర మర్చిపోయానని కుక్కర్ పెట్టాక గుర్తొస్తే, మూడో విజిల్ వేసేలోపు కట్ట గుమ్మంలో ఉండేది. ఆ అలవాటుతో 2025 ఏప్రిల్ 17న ఇక్కడ దిగాను. మా ఆయన నాకంటే ఆరు నెలలు ముందే వచ్చాడు, కానీ ఆ మర్నాడు గుడ్ ఫ్రైడే అనీ, శనివారం ఒక్కరోజు తీసి మళ్లీ ఆదివారం, ఈస్టర్ సోమవారం షాపులన్నీ మూసేస్తారనీ ఆ మహానుభావుడికి గుర్తులేదు. శుక్రవారం పొద్దున పాలు లేవు. ఎక్కడా దొరకవు. సూట్‌కేసులో కందిపప్పు, చింతపండు, మూడు రకాల పచ్చళ్లు ఉన్నాయి, టీ మాత్రం లేదు. ఆదివారం మామూలు షాపులు మూసుండటం ఇక్కడ ఎవరో సరదాకి పెట్టుకున్న పద్ధతి కాదు. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాపాడాలని రాసుకున్నారు, 1949లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఆ ముక్కను అలాగే తెచ్చి కలుపుకున్నారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం రాజ్యాంగం లేదు, గీజ్యాంగం లేదు, తలనొప్పి ఒక్కటే ఉంది.

సెప్టెంబరు చివర్లో సైకిల్ కొన్నాను. ట్రాము ఉంది, నెలవారీ డాయిష్‌లాండ్ టికెట్ అప్పుడు 58 యూరోలు, 2026 జనవరి నుంచి 63 చేశారు. నా జర్మన్ క్లాసు ఇంటికి రెండున్నర కిలోమీటర్లే, దానికంత ఎందుకని సెకండ్‌హ్యాండ్‌లో 140 యూరోలకి ఒక పాత డియామాంట్ తీసుకున్నాను. డియామాంట్ అంటే ఇక్కడివాళ్లకు మనకు అట్లాస్, హీరో లాంటిది. 1885లో కెమ్నిట్స్ పక్కనే పుట్టిన కంపెనీ, ఊరి శివారు హార్ట్‌మన్స్‌డోర్ఫ్‌లో కూడా సైకిళ్లు తయారుచేశారు. సైకిల్ చూడ్డానికి బాగుంది. తొక్కితేగానీ తెలియలేదు, వెనక చక్రం బెండు ఉందని, గుట్ట ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే చైను జారుతోందని. మేముండేది కాస్‌బెర్గ్ మీద, పేరులోనే గుట్ట ఉంది, ఇక ఎక్కకుండా ఇంటికెలా వెళ్తాను.

అక్టోబరు 27, సోమవారం, మొదటిసారి షాపుకి వెళ్లాను. మూసుంది. తలుపు మీద చేత్తో రాసిన కాగితం: మంగళవారం నుంచి శుక్రవారం దాకా పది నుంచి ఒంటిగంట, మళ్లీ మూడు నుంచి ఆరు, శనివారం తొమ్మిది నుంచి పన్నెండు. సోమవారం ఊసే లేదు. సరే అని 31న, శుక్రవారం, పదీ ఐదుకి మళ్లీ వెళ్లాను. మళ్లీ మూసుంది. ఈసారి కాగితం మీద శుక్రవారం ఉంది కదా, తలుపు కొట్టి చూశాను కూడా. వీధిలో కుక్కను తిప్పుతున్న ఒకావిడ ఆగి, నన్ను ఎగాదిగా చూసి, ఈ రోజు సెలవమ్మా అని చెప్పింది. రిఫర్మేషన్ డే అట, మార్టిన్ లూథర్ చర్చి సంస్కరణను గుర్తుచేసుకునే రోజు. ఆయన పేరు బడిలో చదువుకున్నానుగానీ, ఆయన వల్ల నా చైను ఆగిపోతుందని ఎవరనుకుంటారు.

మూడోసారి, నవంబరు 4న, తలుపు తెరిచే ఉంది. లోపల నలుగురు పడితే ఎక్కువ. నా ముందు ఇద్దరు. మొదటావిడకు డెబ్భై దాటి ఉంటాయి, సైకిల్ బుట్టలో పుట్టగొడుగులు పెట్టుకొచ్చింది. పెద్దాయన చేతిలో స్పానర్ కింద పెట్టేసి ఆ పుట్టగొడుగుల్ని ఒక్కొక్కటి తిప్పి చూశాడు. అవి అడవిలో ఏ పక్కన దొరికాయో, ఈ ఏడు వానలెలా ఉన్నాయో, పోయినేడు ఎలా పడ్డాయో, అంతా అయ్యేసరికి పన్నెండు నిమిషాలు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. మధ్యలో ఫోను మోగింది, ఎత్తలేదు, మోగి మోగి ఆగిపోయింది. నా ముందున్న రెండో ఆయన గోడకు ఆనుకుని ఆ కబుర్లు వింటూ నవ్వుతున్నాడు. ఆ గదిలో కాలు ఊపుతున్నది నేనొక్కదాన్నే.

నా వంతు వచ్చింది. వచ్చీరాని జర్మన్‌లో చెప్పాను, చేతులతో బెండు చూపించాను. ఆయన సైకిల్‌ని ఎత్తి పట్టుకుని చక్రం తిప్పి, పెడలు వెనక్కి తిప్పి, చైను మీద చెవి పెట్టినంత పని చేసి, ఆ సైకిల్ ఎక్కడ కొన్నావు, ఎక్కడ తొక్కుతావు, గుట్ట ఏ వైపు నుంచి ఎక్కుతావు అని అడిగాడు. పుట్టగొడుగుల ముసలమ్మకు ఎంత టైమిచ్చాడో నాకూ అంతే ఇచ్చాడు, ఇంకా మాట్లాడితే ఓ రెండు నిమిషాలు ఎక్కువే. నా వెనక ఎవరైనా కాలు ఊపుతున్నారేమోనని తిరిగి చూశాను, ఎవరూ ఊపడం లేదు. అప్పుడు లావుపాటి డైరీ ఒకటి తీసి, పేజీలు తిప్పి, "పద్దెనిమిది, మంగళవారం, పదింబావు" అన్నాడు. పదింబావుకి అయిపోతుందనుకున్నాను. కాదట, అది తీసుకురావాల్సిన టైము. అదే ఇక్కడి టెర్మిన్, అంటే ముందే రాయించుకునే అపాయింట్‌మెంట్. డాక్టరుకీ టెర్మినే, బ్యాంకుకీ టెర్మినే, జుట్టు కత్తిరించుకోవడానికీ టెర్మినే. సైకిల్ బెండు తీయడానికి కూడానా అని కళ్లనీళ్ల పర్యంతమైంది. ఏదో వీసా మీద స్టాంపు వేయించుకుంటున్నట్టు, ఆయన రాసిచ్చిన చీటీ పర్సులో పెట్టుకుని నడుచుకుంటూ గుట్టెక్కాను.

ఇక్కడ మా తాతయ్య గురించి చెప్పాలి. చిలకలూరిపేటలో ఆయనకు సైకిల్ షాపు ఉండేది. వేసవి సెలవులన్నీ నేను ఆ షాపు అరుగు మీదే గడిపాను. గంటకు రూపాయి అద్దె సైకిళ్లు, పంచర్లు, ఓవరాయిలింగ్. బేరింగు బాల్స్ అన్నీ కిరసనాయిలు పళ్లెంలో వేసి కడిగే పని నాది, ఒక్క బాల్ జారి మోరీలో పడితే తాతయ్య ముఖం చూడాలి. పంచరైతే మనిషి నిలబడి ఉండగానే ట్యూబు లాగి, నీళ్ల తొట్లో ముంచి, బుడగ వచ్చిన చోట గీరి, సొల్యూషన్ రాసి, అంతా పావుగంట. అందుకే నాకు ఈయన్ని చూస్తే ఒళ్లు మండింది. ఇంటికొచ్చి ఫోన్‌లో అదే మా అమ్మతో అంటే, ఆవిడ ఒక్క మాట అంది: "మీ తాతయ్య ఓవరాయిలింగ్‌కి సాయంత్రం రమ్మని, ఎప్పుడన్నా సాయంత్రానికి ఇచ్చాడంటే?"

నిజమే. ఓవరాయిలింగ్‌కి సాయంత్రం అంటే మర్నాడు, మర్నాడంటే రెండ్రోజులకి. జనం వచ్చి అరుస్తారు, తాతయ్య నాచేత సోడా తెప్పిస్తాడు, తాగి వెళ్లిపోతారు. మా దర్జీ సంక్రాంతికి ఇస్తానన్న జాకెట్టు రథసప్తమికి ఇచ్చిన సందర్భాలున్నాయి, ఇల్లు మారేటప్పుడు "దారిలో ఉన్నా మేడమ్" అన్న కార్పెంటరు ఆ దారిలోనే మూడు రోజులు ఉన్నాడు. మన దగ్గర ఆలస్యం లేక కాదు. లేటవుతుందని ముందు చెప్పరు, అంతే. చెబితే మనం ఊరుకోం, వేరే షాపుకి పోతాం, కాబట్టి వాళ్లూ చెప్పరు. ఈయన మూడేళ్ల పిల్లాడికి చెప్పినట్టు ముందే చెప్పేశాడు, పద్నాలుగు రోజులు ఆగాలి అని. వినగానే కోపం వచ్చింది, కానీ ఆ పద్నాలుగు రోజులు ఒక్కసారి కూడా ఫోన్ చేసి "అన్నా, ఎంతవరకూ వచ్చింది" అని అడిగే పని పడలేదు. నాకు ఈ తేడా పట్టుబడటానికి మాత్రం చాన్నాళ్లు పట్టింది, ఒప్పుకుంటున్నాను.

18న పదింబావుకి సైకిల్ ఇచ్చాను. సన్నటి ఇనుప పట్టీ ఒకటి తెచ్చి చైను లింకుల్లోకి దించి చూపించాడు. చైను మంచిదైతే ఆ పట్టీ లోపలికి దిగదు, నాది 0.75 అని రాసున్న చివర కూడా నిక్షేపంగా దిగిపోయింది. అంటే చైను సాగిపోయింది, దాంతోపాటు వెనక పళ్లచక్రాలు కూడా అరిగాయి. కాగితం మీద వేటికెంతో రాసి, వంద దాటేలా ఉంటేనే ఫోన్ చేస్తాననీ, లేకపోతే చేసేస్తాననీ చెప్పి సంతకం పెట్టించుకున్నాడు. రేపు రానా అంటే, ఎల్లుండి రా అన్నాడు. రేపేమైంది అని మళ్లీ అడిగాను. రేపు సెలవు.

నాకు నవ్వొచ్చింది, ఏడుపు కాదు, అంటే కొంచెం అలవాటు పడుతున్నట్టే కదా. నవంబరు 19, బుధవారం, బుస్-ఉంట్-బేట్‌టాగ్, ప్రాయశ్చిత్తం, ప్రార్థనల రోజు. ఇది దేశమంతా సెలవు కూడా కాదు. 1995లో ముసలివాళ్ల, మంచాన పడ్డవాళ్ల సేవ కోసం కొత్త బీమా పెట్టినప్పుడు, కంపెనీల ఖర్చు సర్దడానికి ఈ సెలవును అన్ని రాష్ట్రాలూ వదులుకున్నాయి, ఒక్క సాక్సనీ వాళ్లు మాత్రం సెలవు మాకు కావాల్సిందేనని ఉంచుకుని, దానికి బదులుగా ఉద్యోగులు ఆ బీమాకు అర శాతం ఎక్కువ కడుతున్నారు. మా ఆయన జీతం చీటీలో ఆ తేడా నెలనెలా కనిపిస్తుంది. అంటే మేం ఆ సెలవును డబ్బిచ్చి కొనుక్కుంటున్నాం. మ్యూనిక్‌లో ఉన్న మా ఫ్రెండు ఆ రోజు ఆఫీసు నుంచి ఫోన్ చేసి "మీకేం సెలవే ఈ రోజు, ఏం పండగ" అని కుళ్లుకుంది. డబ్బు కట్టిన సెలవు కదా అని ఆ రోజు పదింటిదాకా పడుకున్నాను.

20న, గురువారం, పొద్దున పదిన్నరకి వెళ్లాను. సైకిల్ తయారు. వీధిలో ఓ చుట్టు తొక్కిరమ్మన్నాడు, తొక్కాను, గేర్లు వెన్నలా పడుతున్నాయి, కానీ వెనక ఎక్కడో సన్నగా ఒక టిక్కుమన్న చప్పుడు. చెప్పాలా వద్దా అని ఆలోచించేలోపు ఆయనే తలుపులోంచి విన్నాడు. వేళ్లతో రమ్మని సైగ చేసి, చక్రం ఊడదీసి స్టాండుకి ఎక్కించాడు. పుల్లల్ని ఒక్కొక్కటే గోటితో మీటుతూ వెళ్తున్నాడు. నాకు గుండె జారింది. తాతయ్యదీ ఇదే పద్ధతి. టింగ్ అనాలి, టక్ అందంటే ఆ పుల్ల లూజు. కాకపోతే తాతయ్య దగ్గర స్టాండు లేదు, సైకిల్‌ని తిరగేసి నిలబెట్టి, రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుని చక్రం తిప్పేవాడు, ఎక్కడ సుద్ద గీత పడితే అక్కడ బెండు.

అక్కడ చిలకలూరిపేటలో మధ్యాహ్నం మూడు, తాతయ్య కునుకు తీసి లేచే వేళ. చేతులు మాత్రమే చూపిస్తానని పెద్దాయన్ని అడిగి వీడియో కాల్ చేశాను. ఎనభై దాటిన తాతయ్య ఫోన్‌కి ముక్కు ఆనించి చూస్తూ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పుల్ల కీ పావు తిప్పుడే తిప్పుతున్నాడే, చెయ్యి మంచిది" అన్నాడు. ఆ వెంటనే "రోజుకి ఎన్ని చేస్తాడంట?" అని అడిగాడు. నేను జర్మన్‌లో అడిగాను. నాలుగు, అన్నాడు పెద్దాయన. "నాలుగా! నాలుగు చేస్తే ఏం తింటాడమ్మా?" అని తాతయ్య అవతల ఒకటే కంగారు. మీ తాత ఎన్ని చేసేవాడని ఈయన అడిగాడు. పంచర్లతో కలిపి ఇరవై దాకా అన్నాను. ఈయన పుల్లలు బిగించే కీ పక్కన పెట్టేసి నా వంక చూసి అడిగిన ప్రశ్న కూడా తిండి గురించే. ఇరవై చేస్తే ఆయన ఎప్పుడు తినేవాడు?

దీన్ని తాతయ్యకు చెబితే మాట్లాడలేదు. ఆయన ఎప్పుడు తినేవాడో నాకు తెలుసు. మూడింటికి, షాపులోనే, ఎడంచేత్తో క్యారేజీ పట్టుకుని, కుడిచేతి గోళ్లలో గ్రీజుతోనే.

సరే, రివ్యూకి వస్తాను. చైను, వెనక పళ్లచక్రాలు, బెండు తీయడం, ఒక బ్రేకు వైరు, అన్నీ కలిపి 96 యూరోలు. మన డబ్బుల్లో దాదాపు పదివేలు, 140 పెట్టి కొన్న సైకిల్‌కి. చిలకలూరిపేట లెక్కలు వేసుకుంటే గుండె ఆగుతుంది, వేసుకోకండి. ఒకటి మాత్రం చెప్పుకోవాలి. ముందు లైటు వెలగడం లేదు, కొత్తది వేయమన్నాను. ఇక్కడ రాత్రి లైటు లేకుండా పోలీసులకి దొరికితే 20 యూరోలు జరిమానా. ఆయన లైటు మార్చలేదు, చక్రం మధ్యలో ఉండే డైనమో దగ్గర వైరు చివర తుప్పు పట్టిందని గీకి మళ్లీ తగిలించి, దానికి డబ్బులు కూడా వేయలేదు. కొత్త లైటు అంటగట్టే అవకాశం నేనే చేతికిచ్చినా తీసుకోలేదు.

ఇక ఫిర్యాదులు. కార్డు తీసుకోడు, నోట్లే కావాలి, దగ్గర్లో ఏటీఎం లేదు, ఆ గుట్ట దిగి ఎక్కి రావాలి. ఫోన్ ఎత్తడు, ఎత్తడంటే ఎత్తడు, దుకాణం పెట్టుకున్న మనిషి ఫోన్ ఎత్తకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు, దీన్ని సంస్కృతి అని నాకు నచ్చజెప్పడానికి మా ఆయన చాలా ప్రయత్నించాడు. ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు, అది ఆయన తప్పు కాదుగానీ కొత్తగా వచ్చిన స్టూడెంట్‌కి కష్టమే, చైను, బ్రేకు, చక్రం అనే మాటలైనా జర్మన్‌లో నేర్చుకుని వెళ్లండి. సెలవుల పట్టిక తలుపు మీద పెడితే పోయేదేం లేదు, ఊళ్లో పుట్టినవాళ్లకు తెలుసేమోగానీ నాకెలా తెలుస్తుంది. ఆరుకి మూస్తాడంటే ఐదూ యాభైకే చీపురు పడతాడు, ఆ టైముకి వెళ్లి పని చెబితే మర్యాదగా రేపు రమ్మంటాడు. ఫయరాబెండ్ అంటే పని దించేసే వేళ, ఆ మాట చెప్పేటప్పుడు వీళ్ల ముఖాల్లో కనిపించే వెలుగు మనకు జీతం పడిన రోజు ఉంటుంది.

రోజూ సైకిల్ మీదే ఫుడ్ డెలివరీ చేసే పిల్లలు దయచేసి ఇక్కడికి వెళ్లకండి, మీకు రెండు వారాలు బండి లేకపోతే పూట గడవదు, స్టేషన్ వైపు పెద్ద షాపులు చూసుకోండి. పంచరు మీరే వేసుకోవడం నేర్చుకుంటే ఇంకా మేలు, సామాను నా దగ్గర ఉంది, అడిగితే ఇస్తాను. పాత సైకిల్ కొన్నవాళ్లు, కొనబోతున్నవాళ్లు మాత్రం ఓ పదిహేను రోజులు చేతిలో పెట్టుకుని, జేబులో నోట్లు పెట్టుకుని వెళ్లండి. ముందు ఎవరైనా కబుర్లు చెబుతుంటే ఫోన్ తీయకుండా వినండి, ఊరి సంగతులన్నీ అక్కడే తెలుస్తాయి. పుట్టగొడుగులు ఏ పక్కన దొరుకుతాయో నాకిప్పుడు తెలుసు, కానీ అది నేనూ చెప్పను.

మొన్న జనవరిలో ముందు బ్రేకు రబ్బర్లు మార్చాలని మళ్లీ వెళ్లాను. చూసి, ఇంకో రెండు నెలలు వస్తాయి, ఇప్పుడు వద్దన్నాడు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతున్నారు, అది చైనుకి పట్టేస్తుంది, చలికాలం అయిపోయాక ఒకేసారి అంతా కడిగి ఇస్తానన్నాడు. ఎండలు రాగానే ఊరంతా సైకిళ్లు బయటికి తీస్తారు కాబట్టి ఇప్పుడే రాసుకొమ్మని నేనే అడిగాను. డైరీ తెరిచి రాసుకున్నాడు. మార్చి 17, మంగళవారం, పదింబావు.